మిరపకాయల గిడ్డంగిలో నాదస్వరం

"సార్, రికార్డు మంచిదా, సీడీ మంచిదా?" అని నన్ను అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. పాత సంగీతం సేకరించేవాళ్ళకి ఫోన్లో ఒక గ్రూపు ఉంది. అందులో సగం మందికి సూది మార్చడం రాదు. రికార్డు గాడుల మీద నాలుగు వేళ్ళూ ఆనించి పట్టుకుని ఫొటో దిగి పెడతారు. ఆ వేలిముద్రలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న గుంటూరులో కొత్తగా పెట్టిన కాఫీ హోటలుకి మా ఆవిడ తీసుకెళ్ళింది. గోడ నిండా రికార్డులకి మేకులు కొట్టి అలంకారంగా తగిలించారు. కాఫీ సగంలో వదిలేసి లేచి వచ్చేశాను. "డబ్బులిచ్చింది వాళ్ళు, మేకులు కొట్టుకుంది వాళ్ళు, మధ్యలో మీకెందుకండీ?" అంది మా ఆవిడ.

గ్రూపులో ఆ ప్రశ్నకి నేనెప్పుడూ జవాబు రాయను. ఒకప్పుడు ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి. సీడీయే మంచిదని ఎదుటివాడి చెవినిల్లు కట్టుకుని పోరేవాణ్ణి. అలా నాకే అన్నీ తెలుసని విర్రవీగి, ఒక మనిషి దగ్గరున్న ఒకే ఒక్క వస్తువుని పాడు చేశాను. చెప్పుకుంటే మనసు తేలికవుతుందంటారు. నాకు అలాంటి ఆశేమీ లేదు. అయినా చెప్తున్నాను.

ఆ మనిషి నా చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరం సత్తెనపల్లిలో ఒకే బడిలో చదివాం. మాది పత్తీ మిరపా వేసే ఇల్లు. వాళ్ళది నాదస్వరం ఊదే ముస్లింల ఇల్లు. చుట్టుపక్కల ఏ గుళ్ళో కల్యాణమైనా, ఎవరింట్లో పెళ్ళయినా వాళ్ళ నాన్నగారు రావలసిందే. ఆయన వచ్చేదాకా పీటల మీద కూర్చోనని పట్టుబట్టిన పెళ్ళికొడుకుని నేను చూశాను. ఇంత విద్వాంసుడి కొడుక్కి చిన్నప్పటి నుంచీ ఆయాసం. రెండు నిమిషాలు ఊదితే పెదాలు నీలంగా అయ్యేవి. పన్నెండేళ్ళకే వాళ్ళ నాన్నగారు వాడి చేతిలోంచి నాదస్వరం తీసి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశారు. పెద్దయ్యాక వాడు మైకుసెట్టు పెట్టుకున్నాడు. ఆ అటక మీది నాదస్వరం గురించి వాడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

వాళ్ళ నాన్నగారి వాయిద్యం ఒకే ఒక్కసారి రికార్డుగా వచ్చింది. మద్రాసులో ఒక చిన్న కంపెనీ వాళ్ళు పిలిపించి, ఒక పూటలో వాయింపించుకుని పంపించేశారు. ఒక వైపు ఖరహరప్రియ, ఇంకో వైపు మోహన. తెల్ల అట్ట మీద ఆయన నలుపు తెలుపు ఫొటో. రైలు దిగి నేరుగా వెళ్ళినట్టున్నారు, కండువా నలిగి ఉంటుంది. కంపెనీ ఎక్కువ రోజులు బతకలేదు. ఇంటికి తెచ్చిన నాలుగైదు ప్రతులూ విని ఇస్తామన్న చుట్టాలు పట్టుకెళ్ళి ఇవ్వలేదు. చివరికి ఒక్కటి మిగిలింది. ఆయన పోయాక ఇంట్లో ఆయన మిగిలింది ఆ రికార్డులోనే. ఏ పెళ్ళికి మైకు కట్టడానికి వెళ్ళినా నా స్నేహితుడు మిగతా రికార్డులన్నీ పెట్టెలో పట్టుకెళ్ళేవాడు గానీ దాన్ని మాత్రం బయటికి తీసేవాడు కాదు.

నాకు గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్వైజరు ఉద్యోగం వచ్చాక కూడా ఆదివారాలు సత్తెనపల్లి వెళ్ళేవాణ్ణి. వాడి షాపులో, వైరు చుట్టల మధ్య స్టూళ్ళు వేసుకుని మధ్యాహ్నం దాకా వినేవాళ్ళం. నా దగ్గరా రెండొందల దాకా రికార్డులుండేవి. జీతం రాగానే మద్రాసుకో విజయవాడకో పోయి వెతికి తెచ్చేవాణ్ణి. వాళ్ళ నాన్నగారి రికార్డు ఎప్పుడో నెలకోసారి, అదీ వాడికి బుద్ధి పుడితేనే పెట్టేవాడు. సూది దింపేముందు వాడు చొక్కా బొత్తాలు సరిచేసుకునేవాడు. నేను నవ్వేవాణ్ణి. వాడు పట్టించుకునేవాడు కాదు.

తర్వాత సీడీలు వచ్చాయి. నాకు పిచ్చెక్కింది. గరగర లేదు, సూది అరగదు, ఎండకి వంకర పోదు, అరచేతిలో పడుతుంది. ప్రతి ఆదివారం వాడితో అదే గొడవ.

"ఒరేయ్, పాతికేళ్ళ తర్వాత నీ రికార్డుని ఏ సూది మీద పెడతావురా? సూదులు చేసేవాడే ఉండడు" అన్నాను ఒకసారి.

"అప్పటికి నీ సీడీ పెట్టే మిషను ఉంటదా?" అన్నాడు వాడు.

"ఎందుకుండదు? ఇదే ఆఖరిది. ఇంతకన్నా మంచిది రాదు."

"నువ్వట్టానే అన్నావు క్యాసెట్టు వచ్చినప్పుడు కూడా."

నిజమే, అన్నాను. అయినా నా నోరు మూతపడలేదు. ఇంట్లో అరలు ఖాళీ చేయాలని, మా వీధిలోకి పాత సామాన్లకి ఉల్లిపాయలిచ్చే బండి వస్తే నా రికార్డులన్నీ ఆ బండిలో పోయించాను. మొదట బండివాడు అవి తీసుకోనన్నాడు. ప్లాస్టిక్కే కదా తీసుకో అని నేనే బతిమాలాను. నాలుగు కిలోల ఉల్లిపాయలొచ్చాయి. ఆ రాత్రి మా ఆవిడ పులుసు పెట్టింది. ఈ సంగతి నేను గ్రూపులో చెబితే నన్ను అందులోంచి తీసేస్తారు.

నా రికార్డులు నా ఇష్టం. అక్కడితో ఆగితే సరిపోయేది. వాళ్ళ నాన్నగారి రికార్డుని సీడీ చేయిస్తానని వాడి వెంటపడ్డాను. నెలల తరబడి పోరితే ఒక ఆదివారం ఇచ్చాడు. బ్రాడీపేటలో ఒక కంప్యూటరు షాపులో చేయించాను. షాపతను చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, గరగర మొత్తం తీసేయగలనన్నాడు. తీసెయ్యమన్నాను. రెండు రోజుల తర్వాత విని నేనే ఆశ్చర్యపోయాను. అద్దంలా ఉంది. రికార్డునీ సీడీనీ జాగ్రత్తగా పట్టుకెళ్ళి వాడి షాపులో పెట్టి వినిపించాను. వాడు తల వంచుకుని మొత్తం విన్నాడు. అయ్యాక అన్నాడు.

"నాయన ఊపిరి తీసుకునే చప్పుడేదిరా?"

నాకర్థం కాలేదు. వాడు రికార్డు పెట్టి చూపించాడు. ఒక్కో సంగతి అయ్యాక, మళ్ళీ ఎత్తుకునేముందు, ముక్కుతో గాలి లాగిన చిన్న చప్పుడు. ఇన్నేళ్ళు విన్నా నేను దాన్ని గరగరలో భాగమే అనుకున్నాను. కంప్యూటరూ అలాగే అనుకుంది. ఊపిరి ఆడని కొడుకు, తండ్రి ఊపిరి కోసం ఆ రికార్డు పెట్టుకుంటున్నాడని నా బుర్రకి తట్టలేదు. "అది కూడా ఒక రకం గరగరే కదరా" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. వాడు సీడీని డబ్బాలో పెట్టి, మైకు బిల్లుల కట్ట కింద పెట్టాడు.

రెండేళ్ళ తర్వాత ఎండాకాలం విపరీతంగా వచ్చింది. వాడి షాపు పైకప్పు రేకులు. మధ్యాహ్నం లోపల కూర్చుంటే తల మీద పెనం పెట్టినట్టుండేది. రికార్డులు ఒక్కొక్కటే వంకర తిరగడం మొదలుపెట్టాయి. ఇల్లూ రేకులదే. వాడు తడిగుడ్డలు కట్టాడు, ఫ్యాన్లు పెట్టాడు. కరెంటు ఉంటే కదా ఫ్యాన్లు. ఒక ఆదివారం వెళ్ళేసరికి వాళ్ళ నాన్నగారి రికార్డుని పళ్ళెంలా చేతుల మీద పెట్టుకుని, కంటి ఎత్తులో పట్టుకుని చూస్తున్నాడు, అంచు లేచిందేమోనని.

"నాకివ్వరా. కోల్డ్ స్టోరేజీలో పెడతాను. చల్లగా ఉంటాయి. వానలు పడ్డాక తెచ్చిస్తా" అన్నాను.

మా ఊళ్ళో ఎవరికైనా వచ్చే ఆలోచనే అది. మిరపకాయ రంగు పోకుండా ఏడాది దాస్తాం, రికార్డు నాలుగు నెలలు దాయలేమా? పెళ్ళి లడ్లు, ఎన్నికల జెండాలు, ఒకాయన తన బొమ్మల కొలువు బొమ్మలూ మా గిడ్డంగిలో దాచిన రోజులున్నాయి. వాడు పైన రేకుల వైపు ఒకసారి చూశాడు. "నిలబెట్టి ఉంచు. పడుకోబెట్టబాక" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పి, నలభై రికార్డులు నా చేతిలో పెట్టాడు. వాళ్ళ నాన్నగారిది ఆఖర్న, పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చాడు.

అయితే అప్పటికి మా యజమాని గట్టి రూలు పెట్టాడు, మిర్చి తప్ప ఇంకేమీ లోపలికి పోకూడదని. అడిగితే ఒప్పుకునేవాడేమో. అడగడానికి నాకు నామోషీ వేసింది. సూపర్వైజరుని, నేను ఒకరిని అడిగేదేమిటి? మా పొలంలో పత్తి తెప్పించి, రికార్డుల చుట్టూ దట్టంగా కూరి, గోనెసంచిలో నిలబెట్టి, మూతి కుట్టేశాను. చూడటానికి అచ్చం మిర్చి టిక్కీయే. రైతులు గోనెల్లో కాయలు తొక్కి కుట్టి తెచ్చే బస్తాని మేం టిక్కీ అంటాం. నేనే మోసుకెళ్ళి లోపలి గదిలో ఒక మూల ఆనించి పెట్టాను. హమాలీల మేస్త్రితో ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. చెబితే యజమాని చెవిన పడుతుందని చెప్పలేదు.

శ్రావణంలో ఒక రోజు సెలవు పెట్టి విజయవాడ వెళ్ళాను. అక్కడ ఒక మ్యూజిక్ షాపు మూసేస్తూ సీడీలన్నీ చవగ్గా ఇచ్చేస్తున్నారని తెలిసింది. రెండు చేతుల సంచులూ నింపుకుని తిరిగొచ్చాను. ఆ రోజే ఆ గదిలో మంచు కరిగి నీళ్ళు కారుతున్నాయని, సరుకు మొత్తాన్ని పక్క గదిలోకి మార్చేశారు. నా టిక్కీ కూడా ఒక టిక్కీయే కదా వాళ్ళకి. తేలిగ్గా ఉందని ఎవరూ ఆలోచించలేదు, ఎండిన కాయ అనుకుని ఉంటారు. అడుగున పడుకోబెట్టారు. దాని మీద తొమ్మిది వరసలు వేశారు. నేను మూడో రోజు చూసుకున్నాను. పైవి తీయించాలంటే ఎందుకో చెప్పాలి. ఏమీ అయ్యుండదులే, పత్తి ఉంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఆ లాటు అమ్ముడయ్యేదాకా ఇంకో రెండు నెలలు నోరు మూసుకున్నాను. చేసిన తప్పులన్నిటిలోకీ ఇదే పెద్దది. మొదటి మూడు రోజులకి ఏమై ఉండేదో తెలియదు గానీ రెండు నెలల బరువుకి ఏమవుతుందో ఎవరికైనా తెలుసు.

టిక్కీని వాడి షాపుకే పట్టుకెళ్ళాను. విప్పకుండా పట్టుకెళ్ళడానికి కారణం భయమే. కుట్టు కోయగానే మిరపఘాటు గుప్పుమంది. ఇద్దరం తుమ్ములు. "ఏందిరా, నా రికార్డులకి తాలింపు పెట్టావా?" అని వాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. పత్తి తీసేకొద్దీ నవ్వు ఆగిపోయింది. కొన్ని గిన్నెల్లా వంగాయి. కొన్ని అంచులు చిట్లాయి. వాళ్ళ నాన్నగారిది చీర ముక్కలోంచి తీశాడు. అంచు నుంచి మధ్య కన్నం దాకా నిలువునా బీట. కదిపితే రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

తిడతాడనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. వాడు బీట మీద వేలు పెట్టి చివరిదాకా లాగాడు. తర్వాత లేచి నిలబడి అన్నాడు.

"సరుకు ముట్టినట్టు సంతకం ఏమన్నా పెట్టమంటారా అండీ?"

నలభై ఏళ్ళలో వాడు నన్ను అండీ అనడం అదే మొదలు. ఆ తర్వాత ఎక్కడైనా పెళ్ళిలో ఎదురుపడితే "బాగున్నారా అండీ" అని పక్కకి తప్పుకునేవాడు.

నా సీడీల సంగతి చెప్పడానికే సిగ్గు. ఇప్పుడు వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కొన్నింటిలో సూదిపోట్లలా కన్నాలు కనిపిస్తాయి. మిషను పాడైతే బాగుచేసేవాడు లేడు. కొత్త కంప్యూటర్లలో సీడీ దూర్చే చోటే లేదు. అదీగాక మళ్ళీ రికార్డులే గొప్పవని ఊరంతా అంటోంది. సిగ్గు విడిచి నేనూ మళ్ళీ మొదలుపెట్టాను. కొత్త ప్లేయరు కొన్నాను, ఒక్కొక్కటీ వెతికి కొంటున్నాను. ఉల్లిపాయలకి పోసినవాటినే కొన్నింటిని అడిగినంత ధర పెట్టి కొన్నాను.

మూడేళ్ళ క్రితం గ్రూపులో ఒకాయన ఫొటో పెట్టాడు. మార్టూరులో గ్రానైటు పాలిషింగ్ యూనిట్ నడిపే మనిషి. పాత ఇల్లు కొంటే అటక మీద ఒక పెట్టె దొరికిందట, రికార్డులు ఆఫీసు గోడకి పెడతానని రాశాడు. ఫొటోలో ఒక మూల తెల్ల అట్ట, నలిగిన కండువా. మర్నాడే మార్టూరు వెళ్ళాను. రాతిపొడితో తెల్లబడ్డ ఆఫీసులో, ఆయన టేబులు మీద ఆ రికార్డు ఉంది. నేను రంగురంగుల అట్టలున్న ఆరు రికార్డులు తీసుకెళ్ళాను. గోడకి ఇవే బాగుంటాయంటే ఆయన సంతోషంగా మార్చుకున్నాడు. ఆ రికార్డు నా చేతిలో పెట్టి, నాతో ఒక ఫొటో కూడా దిగి గ్రూపులో పెట్టాడు.

చిలకలూరిపేటలో దిగాను. అక్కడి నుంచి ఒక దారి నరసరావుపేట మీదుగా సత్తెనపల్లి పోతుంది, ఒకటి గుంటూరు వస్తుంది. నరసరావుపేట బస్సు ఎదురుగానే ఉంది. రికార్డు మీద దుమ్ముంది, కడిగి, ఒక్కసారి విని, మంచి కవరు వేసి వాడికిద్దామనుకున్నాను. గుంటూరు బస్సెక్కాను.

కడిగాను. విన్నాను. ఆయన ఊపిరి తీసుకోవడం విన్నాను. కొత్త సూది వచ్చాక మళ్ళీ విందామనుకున్నాను. దసరాకి ఇద్దామనుకున్నాను, రంజాన్‌కి ఇద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే, నా అరల్లో అంత అరుదైనది ఇంకొకటి లేదు. గ్రూపులో పెద్దపెద్దవాళ్ళు దాని గురించి అడుగుతున్నారు. ఇచ్చేస్తే నా దగ్గర ఏముంది? అందరి దగ్గరా ఉన్నవే. ఇలా రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఏడాదిన్నర అలాగే గడిచింది.

మార్టూరాయన నాతో దిగిన ఫొటో ఎలా తిరిగి తిరిగి వాడిదాకా చేరిందో, ఒక ఆదివారం ఉదయం నా స్నేహితుడు మా ఇంటి గుమ్మంలో ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. మెట్లెక్కిన ఆయాసానికి గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"మీ దగ్గరుందంట. ఒక్కసారి వినిపిస్తారా అండీ?" అన్నాడు.

మా ఆవిడ "లోపలికి రండి అన్నయ్యగారూ" అని కుర్చీ వేసింది. నేను రికార్డు పెట్టాను. వాడు కూర్చోలేదు. బొత్తాలు సరిచేసుకుని స్పీకరు పక్కన నిలబడ్డాడు. ఖరహరప్రియ మొదలైంది. కొంతసేపటికి వాడి చెయ్యి నా భుజం మీద పడింది.

"ఒరేయ్, ఇదిగో, ఇక్కడ విను. డోలాయన తొందరపడ్డాడు. నాయన ఆగాడు, చూశావా? ఇంటికొచ్చినాక వారం తిట్టాడు ఆయన్ని."

రెండో వైపు కూడా విన్నాం. ఒక్కో ఊపిరికీ వాడి వేళ్ళు నా భుజాన్ని నొక్కుతున్నాయి. అంత దగ్గరగా వాడు నా పక్కన నిలబడి పన్నెండేళ్ళయింది. అయిపోయింది. సూది ఎత్తాను. మెత్తటి గుడ్డతో రికార్డు తుడిచాను, లోపలి కవర్లో పెట్టాను, తెల్ల అట్టలోకి దూర్చాను. వాడు రెండు చేతులూ కొంచెం ముందుకు పెట్టి నిలబడ్డాడు. నేను చూశాను. చూడలేదని చెప్పను. తిరిగి దాన్ని అరలో దాని చోట్లో పెట్టాను.

వాడి చేతులు కిందికి దిగాయి. మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు ఆమెకే ఇచ్చి, "వస్తానమ్మా" అన్నాడు. నా వైపు చూడలేదు. మెట్ల మీద మధ్యమధ్య ఆగి ఆగి దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

"ఇవ్వలేదేమండీ?" అంది మా ఆవిడ.

"వాడు అడగలేదుగా" అన్నాను.

"వాళ్ళ నాన్నని ఆయన మిమ్మల్ని అడుక్కోవాలా?"

ఇది జరిగి ఏడాది దాటింది. గుంటూరు నుంచి సత్తెనపల్లికి పొద్దున్నుంచి రాత్రి దాకా బస్సులున్నాయి. రికార్డు నా దగ్గరే ఉంది.